ఎడమ సీటు ఎర్ర దీపం

సుకన్య దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళకు ఆమె కుడిచెయ్యి బాగా గుర్తుంటుంది. ఎడమ సీటులో కూర్చుని, చూపు రోడ్డు మీదే ఉంచి, ఇంటి సంగతులేవో అడుగుతూ, ఆ చెయ్యిని స్టీరింగుకు జానెడు దూరంలో ఉంచేది. పట్టుకునేది కాదు. నేర్చుకునే పిల్ల తడబడిందంటే వేళ్ళు వచ్చి చక్రాన్ని ఇలా తాకి అలా వెనక్కి పోయేవి. చాలామందికి ఆ సంగతి తెలిసేది కూడా కాదు. తామే సర్దుకున్నామనుకునేవారు.

ఆమె తండ్రి సాయిలు నారాయణఖేడ్ డిపోలో బస్సు నడిపాడు. కూతుర్ని స్టీరింగు ముట్టనివ్వలేదు గానీ, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గొంతు ఎలా మారుతుందో ఆమెకు చిన్నప్పుడే తెలుసు. పెళ్ళయి యూసుఫ్‌గూడలో రెండు గదుల ఇంటికి వచ్చాక, అమీర్‌పేటలో ఒక డ్రైవింగ్ స్కూల్లో ఫోన్లు ఎత్తే పనికి కుదిరింది. వచ్చిన ఆడవాళ్ళంతా "నేర్పేటందుకు లేడీస్ ఎవరూ లేరా" అని అడగడం విని విని చివరికి తనే నేర్చుకుంది. కొన్నేళ్ళకు సొంతంగా కారు పెట్టుకుంది. మైత్రీవనం వెనక హాస్టళ్ళలో ఉండి కోర్సులు చేసే అమ్మాయిలు, మొగుడి కారు ఇంటి ముందు దుమ్ము పట్టిపోతుంటే చూడలేని శ్రీనగర్ కాలనీ ఇల్లాళ్ళు ఆమె శిష్యులు. భర్త మహేశ్ లిఫ్టులు బాగుచేస్తాడు. పొద్దున్నే ఇద్దరూ చెరో దిక్కు పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు కలుసుకునేవారు.

పాత కారు మొరాయించడం మొదలుపెట్టాక, ఈ ఎండాకాలంలో సుకన్య ఇంకోటి కొన్నది. సెకండ్ హ్యాండే. తెల్లది, చూడ్డానికి కొత్తదానిలాగే ఉంది.

"ఒక్కరే వాడిన బండి, మేడమ్. ఒక్క గీత సుత లేదు," అన్నాడు అమ్మినవాడు.

నిజంగానే లేదు. ఆ నున్నదనం చూసి ఆమెకు ముచ్చటేసింది. కొన్నేళ్ళు ఈ ఊరి ట్రాఫిక్కులో తిరిగిన బండికి ఒక్క గీతా లేకపోవడమేమిటని అప్పుడు తట్టలేదు. యూసుఫ్‌గూడ మెకానిక్కు అమ్జద్ భాయ్ ఎడమవైపు కూడా క్లచ్చు, బ్రేకు బిగించి ఇచ్చాడు. పాఠాలు మొదలయ్యాయి.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం, పంజాగుట్టలో ఒకామెను ఆమె ఆఫీసు దగ్గర దించి, సుకన్య కుడి సీటులోకి మారి ఒంటరిగా బయల్దేరింది. ఫ్లైఓవర్ ఎక్కుతుండగా టింగు టింగుమని మోత మొదలైంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. బెల్టు కట్టుకున్న మనిషి బొమ్మ అది. తన బెల్టు చూసుకుంది. ఉంది. వెలిగిన దీపం పక్క సీటుది. అక్కడ మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే వచ్చేది.

పక్క సీటు మీద సంచీ లేదు, గొడుగు లేదు. చెయ్యి చాపి తడిమింది. సీటు వెచ్చగా ఉంది.

చెయ్యి వెనక్కి లాక్కుంది. అంతలోనే, ఇందాకటి దాకా అక్కడ కూర్చున్నది తనే కదా అని గుర్తొచ్చి ఊపిరి పీల్చుకుంది. మోత మాత్రం ఆగలేదు. ఫ్లైఓవర్ దిగి సిగ్నల్ దగ్గర బండి ఆపితే అప్పుడు ఊరుకుంది. దీపం అలాగే వెలుగుతూ ఉంది.

ఇంటికొచ్చాక మహేశ్‌కు చెప్పింది. అతను అన్నం కలుపుకుంటూ తేలిగ్గా తీసేశాడు.

"సీటు కింద సెన్సార్ ఉంటది. ఖరాబైనట్టుంది. లిఫ్టులల్ల సుత గిట్లనే అయితది. ఎవరూ పిలవకున్నా పోయి ఏదో ఒక ఫ్లోర్‌ల ఆగి తలుపు తెరుస్తది."

"మరి అప్పుడు నువ్వేం చేస్తవు?"

"సెన్సార్ మారుస్త." కాస్త ఆగి అన్నాడు, "మార్చేదాక గా లిఫ్టు నేనైతే ఎక్క."

మర్నాటి నుంచి ఒంటరిగా నడిపేటప్పుడల్లా ఆ మోత వినలేక ఖాళీ సీటుకు బెల్టు పెట్టడం మొదలుపెట్టింది. బెల్టు బిగించగానే దీపం ఆరిపోయేది. చాలామంది చేసే పనే అది. అయినా సిగ్నళ్ళ దగ్గర పక్క బండివాళ్ళు తొంగి చూస్తే ఆమెకు ఏదోలా ఉండేది. ఎవరినో జాగ్రత్తగా కూర్చోబెట్టుకుని తీసుకుపోతున్నట్టుండేది.

హరిణి అని సిరిసిల్ల నుంచి వచ్చిన అమ్మాయి ఆమె దగ్గర నేర్చుకుంటోంది. చురుకైన పిల్ల. ఒకరోజు మైత్రీవనం వెనక సందులో కారు వెనక్కి పెట్టడం నేర్పుతూ, దూరం చూపించడానికి సుకన్య కిందికి దిగి గోడ దగ్గర నిలబడింది.

"రా, రా, ఇంక రా," అంటే కారు కదల్లేదు.

"మేడమ్, మీరు దిగిన్రు కదా?" అద్దం దించి అడిగింది హరిణి.

"కనిపిస్తలేనా? ఇక్కడనే ఉన్న."

"మరి పక్క సీట్ల ఎవరో కూసున్నట్టు చూపిస్తుంది."

"అది ఖరాబైంది. నువ్వు వెనక చూసుకుంట రా."

హరిణి కాసేపు పక్క సీటు వైపే చూసింది. తర్వాత ఇంజను ఆపి దిగి, "నేను జర బయట నిలవడత మేడమ్," అంది. ఆ తర్వాత పరీక్షలున్నాయని రావడం మానేసింది.

ఆ పిల్ల భయానికి సుకన్య మనసులో నవ్వుకునేదేమో. కానీ తనలో ఒక మార్పు ఆమె అప్పటికే గమనించింది. పాఠం చెబుతూ రోజంతా కూర్చునేది ఆ ఎడమ సీటులోనే కదా. ఈ మధ్య సీటు నిండా కూర్చోవడం లేదు. తలుపు వైపు ఒదిగి, బస్సులో పక్కన ఇంకొకరికి చోటిచ్చినట్టు కూర్చుంటోంది. సర్దుకుని కూర్చున్నా, కాసేపటికి చూసుకుంటే మళ్ళీ ఆ పక్కకే జరిగి ఉండేది.

అమ్జద్ భాయ్ దగ్గరికి పోయింది. స్టీరింగు కింద సాకెట్టుకు అతను అరచేతి అంత మిషన్ తగిలించి చూశాడు.

"ఇంజన్ల ఏం లేదు బెహన్. సాఫ్ ఉంది."

"మరి దీపం?"

"నా మిషన్ ఇంజన్‌తోటే మాట్లాడ్తది. సీటుది, బెల్టుది, ఎయిర్‌బ్యాగుది వేరే డబ్బా. దాంతో మాట్లాడాలంటే పెద్ద మిషన్ కావాలె. సీటు విప్పి చూడమంటే చూస్త. గని ముందుగాల అది ఏం చెప్తదో వినుడు మంచిది."

ఎలాగూ నేర్పే బండికి రోజుకో తంటా ఉంటుంది, ఇలా కారులోని తప్పులు చదివే కోడ్ రీడర్ ఒకటి తనకూ అవసరమే అనుకుంది సుకన్య. అమీర్‌పేటలో కంప్యూటర్ సామాన్ల దుకాణాల మధ్య అలాంటివి అమ్మే చిన్న షాపు ఒకటుంది. యజమాని రఘురామ్ భీమవరం వైపు మనిషి. బల్ల మీద రకరకాల రీడర్లు పరిచాడు. వేలెడంత ప్లగ్గు ఒకటి, ఫోనుకు కలుపుకునేది. చిన్న తెరతో చేతిలో పట్టుకునేది ఇంకొకటి. ఇటుక అంత లావు ఉన్నది మరొకటి.

"ముందు మీకు ఏం తెలుసుకోవాలనుందో చెప్పండి మేడం గారూ," అన్నాడు. "ఇంజను దీపం ఎందుకొచ్చిందో తెలిస్తే చాలంటే ఈ ప్లగ్గు చాలు. వేడి, బ్యాటరీ, అన్నీ ఫోన్లో మీటర్లలా కనబడతాయి. రోజూ చూసుకోడానికి బాగుంటుంది. ఎయిర్‌బ్యాగు, బ్రేకుల పెట్టెలు కూడా చదవాలంటే మాత్రం ఈ పెద్దదే. అదీ మీ కారు మోడల్ దీని లిస్టులో ఉంటేనే. చూసి ఇస్తాను, తొందరపడకండి."

"దీంతోని దీపం తీసేయొచ్చా?"

"తప్పు సరిచేశాక కోడ్ చెరిపేయొచ్చు. సరిచేయకుండా చెరిపితే మళ్ళీ వస్తుంది." పెద్ద రీడర్‌ను గుడ్డతో తుడుస్తూ ఆగాడు. "కొన్ని మాత్రం చెరగవండి."

"ఎందుకు?"

"కారు గట్టిగా గుద్దుకుని ఎయిర్‌బ్యాగులు పేలితే, ఆ పెట్టె అది రాసుకుని తాళం వేసుకుంటుంది. మామూలు రీడరుతో పోదు. పెట్టె మార్చాల్సిందే."

తన కారుకు అలాంటిదేం లేదని చెప్పి పెద్దదే కొన్నది సుకన్య.

షాపు పక్క సందులో కారు ఆపి ఉంది. సన్నగా వాన పడుతోంది. కోచింగ్ సెంటర్ల నుంచి పిల్లలు గుంపులుగా గొడుగుల కింద పోతున్నారు. ఆమె కుడి సీటులో కూర్చుని రీడర్ తగిలించింది. ఇంజను చూసింది, ఏమీ లేదు. బ్రేకులు చూసింది, ఏమీ లేదు. ఎయిర్‌బ్యాగు దగ్గర తెర కాసేపు ఆలోచించి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వరుస చూపించింది. కారు గుద్దుకున్న సంగతి నమోదై ఉందని దాని అర్థం.

చెరిపెయ్ అనే బటన్ నొక్కింది. చెరిగినట్టే చెరిగి మళ్ళీ అదే వరుస వచ్చింది. ఇంకోసారి నొక్కింది. మళ్ళీ వచ్చింది.

ఇప్పుడు జరుగుతున్నది చూపించే పేజీ ఒకటుంటుందని రఘురామ్ చెప్పాడు. అది తెరిచింది. డ్రైవర్ సీటు బెల్టు, పెట్టుకున్నారు. పక్క సీటు, మనిషి ఉన్నారు. పక్క సీటు బెల్టు, పెట్టుకోలేదు.

ఆమె మెల్లగా తల తిప్పి చూసింది. ఖాళీ సీటు. దాని పక్కన కిటికీ అద్దం మీద వాన నీళ్ళు జారుతున్నాయి. అప్పుడు కంటపడింది, ఇన్నాళ్ళూ కనబడనిది. తన భుజం మీది బెల్టు నల్లగా కొత్తగా ఉంది. ఆ పక్క బెల్టు వెలిసి, అంచులు బూడిదరంగుకు తిరిగి ఉంది. గుద్దుకున్నప్పుడు మనిషిని పట్టి ఆపిన బెల్టు మళ్ళీ పనికిరాదు, అందుకే ఒకటి మార్చారు. ఒకటి మార్చే అవసరం రాలేదు. గుద్దుకున్నప్పుడు డ్రైవరు బెల్టు పెట్టుకున్నాడు. పక్కన కూర్చున్న మనిషి పెట్టుకోలేదు.

సుకన్య రీడర్ కూడా తీయకుండా కారు దిగి వానలోనే నిలబడింది.

అమ్జద్ భాయ్ డ్యాష్‌బోర్డు మూత ఆ సాయంత్రమే విప్పాడు. ఎయిర్‌బ్యాగు ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. స్టీరింగు మధ్యలోనూ అంతే. పైన మూతలు బిగించి, ఎయిర్‌బ్యాగు దీపం ఎప్పటికీ వెలగకుండా వైరు కత్తిరించారు. ఇన్ని రోజులుగా ఆ మూతల ముందు హాస్టలు పిల్లలను కూర్చోబెట్టి నడిపించింది తను. అక్కడున్న టైరు మీద కూర్చుంది.

అమ్మినవాడికి ఫోను చేస్తే ముందు తెలియదన్నాడు. గట్టిగా అడిగితే దిగొచ్చాడు.

"వాపస్ తెచ్చియ్యున్రి మేడమ్. వేరే బండి ఇస్తం."

"మరి దీన్ని ఏం చేస్తరు?"

"అమ్ముకుంటం. ఇంకేం చేస్తం?"

ఆమె ఫోను పెట్టేసింది.

కారు వాపసు ఇచ్చెయ్యమని ఆ రాత్రి మహేశ్ ఎంత చెప్పినా వినలేదు. ఆ సీటులో కూర్చున్న మనిషి ఎవరో తెలుసుకోకుండా ఆ కారును ఎవరి చేతిలోనూ పెట్టలేననిపించింది. ఆర్సీలో ఉన్న పాత పేరు ఎవరో వ్యాపారిది. వేలంలో కొని అమ్మినవాడే తప్ప నడిపినవాడు కాడు. వెనక అద్దం మూల చింపేసిన పార్కింగ్ స్టిక్కరు ఒకటి మిగిలి ఉంది. అపార్ట్‌మెంటు పేరులో సగం, దాని కింద శ్రీనగర్ కాలనీ. ఆ కాలనీ సందులన్నీ ఆమెకు తెలిసినవే. మర్నాడు పొద్దున పోయి కాసేపట్లోనే ఆ గేటు పట్టుకుంది.

వాచ్‌మన్ కనకయ్య గేటు సగం తెరిచి, కారు నంబరు చూసి, అట్లాగే ఆగిపోయాడు.

"గిది రవికాంత్ సారు బండి," అన్నాడు. గొంతు తగ్గింది. "గా దినం ముందర భాగమే లేకుండె. లారీ మీద ఎక్కిచ్చుకొని పోయిన్రు. నేనే చూసిన. గిది మళ్ల ఎట్లొచ్చింది?"

"ఎడమ సీట్ల ఎవరున్నరు?" అడిగింది సుకన్య.

కనకయ్య తల ఎత్తాడు. ఆమె వెనక ఎవరినో చూస్తున్నాడు. లిఫ్టు దగ్గర ఒకామె చేతికర్ర పట్టుకుని నిలబడి ఉంది. యాభై దగ్గరి మనిషి, నుదుటి మీద నుంచి జుట్టులోకి పోయిన పొడవాటి మచ్చ. కళ్ళు కారు మీదే ఉన్నాయి.

"నేనున్న," అంది ఆమె. "నా పేరు చంద్రిక."

చచ్చిపోయిన మనిషి గురించి వినడానికే సుకన్య సిద్ధపడి వచ్చింది. ఆమె చెయ్యి ఒకసారి ముట్టుకుని చూడాలనిపించింది.

చంద్రిక నెమ్మదిగా వచ్చి బానెట్ మీద వేళ్ళు ఆనించింది. పంజాగుట్ట దాకే కదా అని ఆ రోజు బెల్టు పెట్టుకోలేదట. భర్త చెప్పినా వినలేదట. అతనికి చిన్న దెబ్బ కూడా తగల్లేదు. ఆమె నెలల తరబడి ఆస్పత్రిలో ఉంది. కారు పూర్తిగా పోయిందని ఇన్సూరెన్సు వాళ్ళు తీసుకుపోయారు. తుక్కయిపోయిందనే ఇంట్లో అందరూ అనుకున్నారు.

"అది తుక్కయిపోయిందని మా ఆయన ఎన్నిసార్లు చెప్పినా నాకు నమ్మకం కుదరలేదు," అంది. "ఎందుకంటే నేనింక దాంట్లోంచి దిగలేదు. మంచం మీద పడుకున్నా, కుర్చీల కూసున్నా, ఆ సీట్లనే ఉన్నట్టుంటది. ఎవరో వచ్చి తలుపు తీయాలె అన్నట్టుంటది. డాక్టరుకు చెప్తే మెల్లగా పోతదన్నడు. పోతుండె సుత. ఈ వానలు మొదలైనప్పటి నుంచి మళ్ళ ఎక్కువైంది. చెవుల టింగు టింగుమని ఒకటే మోత."

దీపం సంగతి గానీ మోత సంగతి గానీ సుకన్య అప్పటిదాకా అక్కడ ఎవరికీ చెప్పలేదు. కనకయ్య వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు.

"ఒక్కసారి కూసుంట," అంది చంద్రిక.

"వద్దమ్మా. దీంట్ల ఎయిర్‌బ్యాగులు లేవు."

"బెల్టు పెట్టుకుంట."

సుకన్య ఎడమవైపు తలుపు తీసింది. చంద్రిక కర్ర వెనక సీటులో పెట్టి, రెండు చేతులతో కాలు ఎత్తి లోపల పెట్టుకుని కూర్చుంది. సుకన్య ఇంజను తిప్పింది. ఎర్ర దీపం వెలిగింది. చంద్రిక వెలిసిన బెల్టు లాగి గుచ్చుకుంది. దీపం ఆరింది. మనిషి నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో కాలనీలో ఒక చుట్టు తిరిగారు. పూలబండి, ఇస్త్రీ బండి, స్కూలు గోడ. మళ్ళీ గేటు ముందుకు వచ్చాక చంద్రిక బెల్టు విప్పుకుంది. కనకయ్య చెయ్యి అందించబోతే వద్దని, తలుపు పట్టుకుని తనే దిగింది. దిగి, తలుపు తనే వేసింది. ఎవరో లోపలే ఉండిపోయారేమో చూసినట్టు అద్దంలోంచి సీటు కేసి ఒకసారి చూసింది.

తిరుగు దారిలో దీపం వెలగలేదు. పక్క సీటుకు బెల్టు పెట్టకుండానే వచ్చింది సుకన్య. శ్రీనగర్ కాలనీ దాటింది, యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు దాటింది, ఎక్కడా చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం మోత కంటే భయపెట్టింది. చివరికి ఒక టీ కొట్టు ముందు బండి ఆపి, కిందికి దిగి, మనుషుల మధ్య నిలబడి టీ తాగి, అప్పుడు మళ్ళీ ఎక్కింది.

తర్వాత అమ్జద్ భాయ్ సీటు విప్పాడు. లోపలి సెన్సార్ అట్ట నడిమికి విరిగి ఉంది, వైర్ల దగ్గర పచ్చగా చిలుము పట్టింది.

"మోగుడు ఎందుకు మోగిందో సమజైంది," అన్నాడు దాన్ని తిప్పి చూస్తూ. "గిట్ల ఉంటే అది ఆగేది కాదు బెహన్. నువ్వు ఆగిందంటున్నవు."

"ఆగింది."

అతను విరిగిన అట్టను పాత సామాన్ల డబ్బాలో పడేశాడు.

అట్ట మార్చాడు. ఎయిర్‌బ్యాగులు, వాటి పెట్టె, బెల్టులు కొత్తవి తెప్పించడానికి వానాకాలమంతా పట్టింది. సుకన్య పోలీసు కంప్లైంటు మాట ఎత్తాక అమ్మినవాడు ఖర్చులో కొంత భరించాడు. అంతవరకూ సుకన్య కిరాయి కారులో పాఠాలు చెప్పింది. హరిణి తిరిగి వచ్చి ఆ కిరాయి కారులోనే నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. చంద్రిక ఒకసారి ఫోను చేసింది. "నిన్న సోఫాల కూసుంటే సోఫాలనే ఉన్న," అంది.

ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. ఇప్పుడు సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు సుకన్యను వెంట పిలుచుకుపోతున్నారు. ఆమె రీడర్ తగిలించి అన్ని పెట్టెలూ ఒక్కొక్కటిగా అడుగుతుంది. రెండు బెల్టులూ చేత్తో పట్టుకుని పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఆమె వస్తుందంటే కొందరు అమ్మకందార్లు బండి అమ్ముడుపోయిందని చెప్పేస్తున్నారు.

మొన్న ఒక ఆదివారం, కొత్తగా పెళ్ళయిన జంట పంజాగుట్టలో ఒక నీలం రంగు కారు చూడటానికి ఆమెను తీసుకుపోయారు. అంతా బాగుంది. ఎక్కడా ఏ కోడూ లేదు. బెల్టులు రెండూ ఒకే వయసువి. పెళ్ళికూతురు వనిత ఎడమ సీటులో కూర్చుని, కాళ్ళు చాపుకుని చూసుకుంటోంది.

"అంటే దీంట్ల ఎవ్వరికీ ఏం కాలేదన్నట్టేనా మేడమ్?" అని అడిగింది.

సుకన్య రీడర్ వైరు చుట్టుకుంటూ ఆగింది. ఆ పిల్ల ముఖంలోని సంతోషం చూసి అవునని చెబుదామనుకుంది.

"దీనికి తెలిసినంతవరకు ఏం కాలేదు," అంది.